మనుషుల అమ్మకం: చేతులు కలిపి ఎదుర్కొంటున్న మఠకన్యలు

మనుషుల్ని కొనడం, అమ్మడం ఎప్పుడో పాతకాలంలో జరిగిన సంగతి అని చాలామంది అనుకుంటారు. సంతలో పశువుల్ని నిలబెట్టినట్టు ఇప్పుడెవరూ మనుషుల్ని నిలబెట్టి అమ్మడం లేదు, నిజమే. ఇప్పటి అమ్మకం ఇంటి అరుగు మీద కూర్చుని, టీ తాగుతూ, "మీ అమ్మాయికి మంచి పని చూపిస్తాను" అనే మాటతో మొదలవుతుంది. దీనినే మానవ అక్రమ రవాణా అంటున్నాం. మోసం చేసో, బెదిరించో, అప్పులో ఇరికించో, ఒకరి నిస్సహాయతను ఆసరాగా తీసుకునో ఆ మనిషిని తమ గుప్పిట్లోకి తెచ్చుకుని, వారి శరీరంతో గాని శ్రమతో గాని డబ్బు సంపాదించుకోవడమే ఈ నేరం. 2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ఒప్పందం దీనికి ఇటువంటి అర్థమే చెప్పింది.

ఆరోగ్యం గురించి చెప్పే ఈ చిన్న పుస్తకంలో ఈ సంగతి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. అందుకు రెండు కారణాలున్నాయి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లలేని, ఇంటికి ఫోన్ చేసుకోలేని బాధితురాలైనా జబ్బు ముదిరితే ఆసుపత్రికి రాక తప్పదు. అక్కడ ఆమెతో ముందుగా మాట్లాడేది నర్సు. ఇది మొదటి కారణం. రెండోది మీకు సంబంధించినది. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తుంది. ఆపరేషన్‌కు అప్పు తెస్తారు, ఉన్న బంగారం తాకట్టు పెడతారు. సరిగ్గా అప్పుడే తెలిసినాయన ఒకరు వచ్చి, పెద్దపిల్లను పనికి పంపితే ఏడాదిలో అప్పంతా తీరిపోతుందని చెబుతాడు. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న మీ వంటి కుటుంబాలనే ఇటువంటివారు వెతుక్కుంటూ వస్తారు.

ఈ వ్యాపారాన్ని ఎదుర్కోవడానికి ప్రపంచంలో చాలామంది పనిచేస్తున్నారు. వారిలో కతోలిక మఠకన్యలు, అంటే మనం సిస్టర్లు అని పిలుచుకునేవారు, చేసిన పని కొంచెం ప్రత్యేకమైనది. వేర్వేరు సభలకు చెందిన సిస్టర్లు, వేర్వేరు దేశాల్లో ఉన్నవారు, ఒకరికొకరు కబురు అందించుకుంటూ పనిచేయడం నేర్చుకున్నారు. ఇది ఎలా మొదలైందో తెలియాలంటే ఇటలీ దేశం, ఆఫ్రికాలోని నైజీరియా దేశం, ఈ రెండింటి మధ్య ఉన్న దారి గురించి తెలుసుకోవాలి.

ట్యూరిన్‌లో ఒక రోగి

సిస్టర్ యుజేనియా బొనెట్టి గారు ఇటలీ దేశస్తురాలు, కన్సొలాటా మిషనరీ సభ సిస్టర్. 24 సంవత్సరాలు కెన్యాలో సేవ చేసి స్వదేశం తిరిగి వచ్చారు. 1993లో ట్యూరిన్ నగరంలో కారితాస్ సహాయ కేంద్రంలో పనిచేస్తుండగా నైజీరియా స్త్రీ ఒకామె ఆమె దగ్గరకు వచ్చింది. ఒంట్లో బాగాలేదు, సాయం చేయమని అడిగింది. ఆమె రాత్రిళ్లు రోడ్డు పక్కన నిలబడే స్త్రీ. సిస్టర్‌గారు పూజకు వెళ్లే తొందరలో ఉన్నారు. పైగా అటువంటి స్త్రీతో కలిసి నడవడానికి మొదట వెనుకాడినట్టు ఆవిడే తరువాత చెప్పుకున్నారు. ఆ స్త్రీ ఆమె వెంటే గుడిలోకి వచ్చి వెనుక కూర్చుని ఏడ్చింది.

ఆ ఏడుపు వెనుక ఉన్నది విన్న తరువాతే ఇటలీ రోడ్ల మీద నిలబడిన నైజీరియా అమ్మాయిలు సొంత ఇష్టంతో వచ్చినవారు కారని, వారి వెనుక పెద్ద వ్యాపారం ఉందని సిస్టర్‌గారికి అర్థమైంది. ఒక రోగి చెప్పుకున్న బాధతో ఇంత పని మొదలైందని చదివినప్పుడు, ఓపీలో రోజుకు ఎంతమంది మాటల్ని మనం సగంలోనే తుంచేస్తామో కదా అని నాకు అనిపించింది.

ఒట్టు, అప్పు

1980ల చివరి నుంచి ఇటలీకి ఇలా తరలిన నైజీరియా స్త్రీలలో ఎక్కువమంది ఎడో అనే ఒకే రాష్ట్రం వారు. ఆ రాష్ట్ర రాజధాని బెనిన్ సిటీ. (పక్కనే బెనిన్ అనే దేశం వేరే ఉంది, ఇది నగరం.) మధ్యవర్తి సాధారణంగా తెలిసినవాళ్లే అయి ఉంటారు. బంధువు, పక్కింటావిడ, గుడిలో కలిసినామె. జుట్టు కత్తిరించే పని, పిల్లల్ని చూసుకునే పని, దుకాణంలో పని అని చెబుతారు. ప్రయాణం ఖర్చు తామే పెట్టుకుంటామంటారు. తరువాత మెల్లగా కట్టుకోవచ్చంటారు.

ఇల్లు విడిచే ముందు అమ్మాయిని జూజూ చేసే చోటికి తీసుకువెళతారు. ఆమె గోళ్లు, జుట్టు, ఒక్కోసారి రక్తం తీసుకుని ఒట్టు పెట్టిస్తారు. అప్పంతా తీరుస్తాను, ఎవరికీ ఏమీ చెప్పను అని ఆ ఒట్టు. తప్పితే పిచ్చి పడుతుందని, చచ్చిపోతావని, ఇంట్లోవాళ్లకు కీడు జరుగుతుందని నమ్మిస్తారు. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అంటే ఎంత భయమో తెలిసినవారికి ఇది ఎలాంటి సంకెలో వేరే చెప్పనక్కరలేదు. గదికి తాళం వేయనవసరం లేదు. తాళం ఆ పిల్ల మనసులోనే వేసి పంపిస్తారు.

అప్పు ఎంతో తెలుసా? 30,000 నుంచి 50,000 యూరోలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. మన లెక్కలో ముప్పై లక్షల రూపాయలకు తక్కువ కాదు. ఒట్టు పెట్టేనాటికి ఆ మొత్తం ఎంతో పిల్లకు అంచనా కూడా ఉండదు. అక్కడికి చేరగానే ఒక "మదాం" చేతికి అప్పగిస్తారు. ఆ మదాం కూడా చాలాసార్లు ఒకప్పుడు ఇలాగే వచ్చిన స్త్రీయే. పాస్‌పోర్టు ఆమె దగ్గర ఉంటుంది. గది అద్దె, తిండి, బట్టలు, ఆఖరికి రోడ్డు మీద నిలబడే చోటుకు కూడా అద్దె కట్టాలి. అదంతా అప్పుకే కలుస్తుంది.

ఇటువంటి స్థితిలో ఉన్న స్త్రీ శరీరానికి ఏమవుతుందో నర్సుగా చెప్పగలను. సుఖవ్యాధులు వైద్యం లేకుండా ముదురుతాయి. వైద్యుడు కానివారి చేత గర్భస్రావాలు, వాటి వల్ల రక్తస్రావం, చీము పట్టడం. దెబ్బలు, సరిగా కుదురుకోని ఎముకలు. ఇవి పరీక్షలో కనబడతాయి. నిద్ర పట్టకపోవడం, గుండెదడ, తల పగిలిపోయే నొప్పి, ఏ పరీక్షలోనూ కారణం దొరకని ఒళ్లునొప్పులు కూడా ఉంటాయి. ఒట్టు తప్పితే చస్తానని నమ్మిన మనిషికి చిన్న జ్వరం వచ్చినా అది శాపమే అనిపిస్తుంది. భయమే జబ్బు చేస్తుంది. "ఏమీ లేదమ్మా, నీకు భయం అంతే" అని పంపేస్తే ఆమె మళ్లీ రాదు.

తలుపులు తీసిన మఠాలు

ఇటలీ 1998లో వలసదారుల గురించి ఒక చట్టం చేసింది. అందులోని 18వ నిబంధన ప్రకారం, ఇటువంటి దోపిడీ నుంచి తప్పించుకుని, తిరిగి నిలదొక్కుకునే కార్యక్రమంలో చేరిన వ్యక్తికి ఆరు నెలల నివాస అనుమతి ఇవ్వవచ్చు. దానిని పొడిగించవచ్చు, దాని మీద పని చేసుకోవచ్చు. అదే చట్టంలో 35వ నిబంధన ఇంకొకటి చెబుతుంది. కాగితాలు లేని విదేశీయులకు కూడా అత్యవసర, అవసరమైన వైద్యం చేయాలి. వైద్యానికి వచ్చిన మనిషి గురించి ఆసుపత్రివారు, చట్టం తప్పనిసరి చేసిన సందర్భాల్లో తప్ప, పోలీసులకు కబురు చేయకూడదు. నాకు ఈ రెండో నిబంధన చాలా నచ్చింది. పట్టుబడతాననే భయం లేకపోతేనే రోగి వైద్యుడి దగ్గరకు వస్తుంది.

అయితే కాగితం మీద హక్కు ఉంటే సరిపోదు. ఆ రాత్రి పడుకోవడానికి చోటు కావాలి, మదాం మనుషులు వెతుక్కుంటూ రాలేని చోటు. అప్పటికే ఇటలీలో చాలా మఠాల్లో గదులు ఖాళీ అవుతున్నాయి. సిస్టర్లు పెద్దవాళ్లయిపోతున్నారు, కొత్తవాళ్లు తక్కువ. ఆ గదుల తలుపులు తీశారు. 2000 నుంచి సిస్టర్ బొనెట్టి గారు ఇటలీ మఠకన్యల సమాఖ్యలో ఈ పని కోసం పెట్టిన కార్యాలయాన్ని నడిపారు. ఒక్కో ఇంట్లో కొద్దిమందే ఉండేవారు. హాస్టల్ మాదిరిగా కాక ఇల్లులా ఉండాలని అలా చేశారు. అందరు సిస్టర్లూ వెంటనే ఒప్పుకున్నారని నేను చెప్పను. పడుపువృత్తి చేసిన స్త్రీలను మఠంలోకి తెస్తే నలుగురూ ఏమనుకుంటారో అనే జంకు అక్కడా ఉండేది.

దక్షిణ ఇటలీలో కసెర్తా అనే పట్టణంలో ఉర్సులైన్ సభ సిస్టర్ రీటా జరెట్టా గారు, తోటి సిస్టర్లు 1995లో "కాసా రూత్", అంటే రూతు ఇల్లు, అనే ఆశ్రయం ప్రారంభించారు. మహిళా దినోత్సవం నాడు రోడ్డు మీద ఉన్న అమ్మాయిల దగ్గరకు వెళ్లి పూలమొక్క చేతికిచ్చి పలకరించేవారు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. కొంతకాలానికి ఆ అమ్మాయిలే తలుపు తట్టడం మొదలుపెట్టారు. అక్కడ 2004లో "న్యూహోప్" పేరుతో ఒక కుట్టుపని సహకార సంఘం పెట్టారు. ఆఫ్రికా రంగురంగుల బట్టలతో సంచులు, ఇంటికి వాడుకునే వస్తువులు కుట్టి అమ్ముతారు. ఆశ్రయంలో అన్నం పెట్టడం ఒక ఎత్తు, నెల చివర జీతం చేతికి రావడం ఇంకొక ఎత్తు. చేతిలో సొంత డబ్బు లేని అమ్మాయిని అదే మధ్యవర్తి మళ్లీ తీసుకుపోగలడు.

దారికి రెండో కొస

ఇటలీలో ఎంత చేసినా ఒకచోట పని ఆగిపోయేది. నివాస అనుమతి కావాలంటే తానెవరో రుజువు చేసుకోవాలి. పాస్‌పోర్టు మదాం దగ్గర ఉంది, లేదా అది దొంగ పాస్‌పోర్టు. సిస్టర్లు రోమ్‌లోని నైజీరియా రాయబార కార్యాలయంతో మాట్లాడి, ఈ స్త్రీలకు కొత్త పాస్‌పోర్టులు ఇచ్చే ఏర్పాటు చేయించారు. ఇందుకు నైజీరియా సిస్టర్లు తోడ్పడ్డారు. అమ్మాయి మాట, ఊరు, ఇంటిపేరు విని గుర్తుపట్టగలిగేది వాళ్లే కదా.

నైజీరియాలో మఠకన్యల సమాఖ్య 1999లోనే స్త్రీల గౌరవాన్ని కాపాడటానికి ఒక కమిటీ వేసింది. దాని పేరు పొడి అక్షరాల్లో కొసుడో. బెనిన్ సిటీలో ఆ సిస్టర్లు పాఠశాలలకు, బజార్లకు, గుళ్లకు వెళ్లి ఇటలీలో నిజంగా ఏం జరుగుతుందో చెప్పారు. 2007లో, తిరిగి వచ్చిన స్త్రీల కోసం అక్కడ ఒక ఆశ్రయం తెరిచారు. దానికి ఇటలీ మేత్రాణుల సమాఖ్య సాయం చేసింది.

నా దృష్టిలో వీటన్నింటికంటే కష్టమైన పని వేరే ఉంది. అది అమ్మాయి ఇంటికి వెళ్లడం. ఇటలీలో ఒక పిల్ల మదాం దగ్గర నుంచి పారిపోయి మఠానికి చేరిన మర్నాడే, మధ్యవర్తి మనుషులు ఆమె తల్లిదండ్రుల ఇంటికి వెళతారు. అప్పు మీరు కట్టండని, లేదంటే చూడండని బెదిరిస్తారు. తల్లి ఫోన్ చేసి, "తిరిగి వెళ్లిపో అమ్మా, మమ్మల్ని చంపేస్తారు" అని ఏడుస్తుంది. చాలామంది ఆ ఫోన్‌తోనే మళ్లీ రోడ్డు మీదికి వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఇటలీలోని సిస్టర్ ఫోన్ చేస్తే బెనిన్ సిటీలోని సిస్టర్ ఆ ఇంటికి వెళ్లి కూర్చోగలదు. మీ అమ్మాయి ప్రాణాలతో ఉంది, ఆమె చేసేది దుకాణంలో పని కాదు, ఆ అప్పు చట్ట ప్రకారం అప్పే కాదు అని వాళ్ల భాషలో చెప్పగలదు. పోలీసుకు చెప్పాలన్నా, వేరే ఊళ్లో దాచాలన్నా పక్కన ఒక మనిషి ఉంటుంది.

అన్ని ఇళ్లలోనూ సిస్టర్లకు ఆదరణ దొరకలేదు. నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోయిందని కోపగించుకున్న కుటుంబాలున్నాయి. ఆ డబ్బుతో ఇంటికి పైకప్పు వేశారు, తమ్ముడి ఫీజు కట్టారు, తండ్రికి వైద్యం చేయించారు. పిల్ల వట్టి చేతులతో, జబ్బుతో తిరిగి వస్తే ఎందుకు వచ్చావన్నట్టు చూసినవారున్నారు. వాళ్లను తిట్టడం తేలిక. పేదరికంలో వచ్చిన డబ్బు ఎలా వచ్చిందని అడగడానికి ఏ తల్లికైనా ధైర్యం చాలదు. అడిగితే వినవలసి వస్తుంది కదా. అందుకే ఆ సిస్టర్లు అమ్మాయితో పాటు తల్లితో కూడా నెలల తరబడి మాట్లాడేవారు.

ఒట్టు భయానికి కూడా చివరికి ఊరి నుంచే మందు దొరికింది. 2018 మార్చి 9న బెనిన్ రాజు ఒబా రెండో ఎవారే గారు జూజూ చేసేవారిని పిలిపించి, అమ్మాయిలను కట్టిపడేసిన ఒట్లన్నీ రద్దయ్యాయని, ఇకముందు అలా ఒట్టు పెట్టించేవారికే శాపం తగులుతుందని ప్రకటించారు. ఆ కబురు ఇటలీలోని ఆశ్రయాలకు చేరింది. ఏళ్ల తరబడి డాక్టర్లు, సిస్టర్లు నచ్చచెప్పినా వదలని భయం చాలామందికి ఆ ప్రకటనతో సడలింది.

దీనితో వ్యాపారం ఆగిపోయిందా అంటే, లేదు. 2014లో సముద్రం దాటి ఇటలీ చేరిన నైజీరియా స్త్రీలు సుమారు 1,500 మంది అయితే 2016లో 11,000 మంది. వీరిలో నూటికి 80 మంది అక్రమ రవాణా బాధితులై ఉండవచ్చని అంతర్జాతీయ వలసల సంస్థ 2017లో అంచనా వేసింది. నైజర్ ఎడారి, లిబియా జైళ్లు, గాలి నింపిన పడవలు దాటి వచ్చినవారు వీళ్లు. సిస్టర్లు కాపాడగలిగింది కొద్దిమందినే. కాని వారి వల్ల ఆ కొద్దిమందికి రెండు కొసలా మనుషులు దొరికారు.

తలితా కుమ్

2001లో రోమ్ నగరంలో మఠకన్యల సభల అధిపతుల అంతర్జాతీయ సమాఖ్య సమావేశం జరిగింది. సుమారు 800 మంది మదర్లు, పది లక్షల మంది సిస్టర్ల తరఫున వచ్చారు. అక్కడ ఈ సమస్య గురించి మాట్లాడినవారిలో సిస్టర్ లేయా ఆకెర్‌మన్ గారు ఒకరు. ఆమె జర్మనీ దేశస్తురాలు. 1985లోనే కెన్యాలోని మొంబాసాలో, విదేశీ యాత్రికుల కోసం తిరిగే స్త్రీలకు అండగా "సోల్వోడి" అనే సంస్థ పెట్టారు. 2023లో కన్నుమూశారు. ఆ సమావేశంలో అక్రమ రవాణాను అందరూ కలిసి ఎదుర్కొంటామని తీర్మానించారు. 2004 నుంచి అంతర్జాతీయ వలసల సంస్థతో కలిసి సిస్టర్లకు శిక్షణ మొదలైంది. 2009లో ఆయా దేశాల బృందాలన్నీ "తలితా కుమ్" పేరుతో ఒక్కటయ్యాయి.

ఈ పేరు మార్కు సువార్తలోనిది. యాయీరు కుమార్తె చనిపోయిందని అందరూ ఏడుస్తుండగా యేసు ప్రభువు ఆ 12 ఏళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని లెమ్మని పిలిచిన మాట అది. ఆయన భాషలో "చిన్నమ్మాయీ, లే" అని దాని అర్థం. ఇప్పుడు తలితా కుమ్ బృందాలు 90కి పైగా దేశాల్లో ఉన్నాయి. మన దేశంలో సిస్టర్లు కలిసి పనిచేస్తున్న "అమ్రత్" బృందం కూడా ఇందులో భాగమే.

వీరు తమకు ఆదర్శంగా చెప్పుకునేది పునీత జోసెఫిన్ బఖీత గారిని. సూడాన్‌లోని దార్ఫూర్‌లో సుమారు 1869లో పుట్టారు. చిన్నపిల్లగా ఉండగానే ఎత్తుకుపోయి పలుమార్లు అమ్మారు. భయంతో సొంత పేరు కూడా మరిచిపోయారు. "బఖీత" అంటే అదృష్టవంతురాలు అని, ఎత్తుకుపోయినవాళ్లు పెట్టిన పేరు. కత్తితో ఒళ్లంతా గాట్లు పెట్టి వాటిలో ఉప్పు రుద్దారు. తరువాత ఇటలీ చేరారు. యజమానురాలు తిరిగి తీసుకుపోతానంటే వెనిస్‌లోని కనోస్సా సిస్టర్లు ఆమె పక్షాన నిలిచారు. 1889 నవంబరు 29న అక్కడి న్యాయస్థానం ఆమె బానిస కాదని తీర్పు చెప్పింది. తరువాత ఆమె అదే సభలో సిస్టర్ అయ్యారు. 1947 ఫిబ్రవరి 8న మరణించారు, 2000 అక్టోబరు 1న పునీతురాలిగా ప్రకటించబడ్డారు. 2015 నుంచి ఫిబ్రవరి 8ని అక్రమ రవాణా బాధితుల కోసం ప్రార్థించే దినంగా పాటిస్తున్నారు.

మన ఇళ్ల దగ్గర

వ్యాపారులు దారులు మారుస్తుంటారు. ఇటీవలి సంవత్సరాల్లో నైజీరియా స్త్రీలను ఇంటిపని పేరుతో ఒమాన్, లెబనాన్ వంటి దేశాలకు కూడా తరలిస్తున్నారు. ఒమాన్, కువైట్ అనగానే గోదావరి జిల్లాల వారికి, కడప జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు. మన ఆడవాళ్లు ఖద్దామాలుగా వెళ్లేది అక్కడికే. వెళ్లిన ప్రతి ఒక్కరూ మోసపోయారని కాదు. పిల్లల్ని చదివించుకున్నవారు, ఇళ్లు కట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. కాని పాస్‌పోర్టు లాక్కోవడం, జీతం ఇవ్వకపోవడం, కొట్టడం, ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి అమ్మేయడం జరిగితే అది కష్టమైన ఉద్యోగం కాదు, నేరం.

హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ ప్రాంతాన్ని 1996లో ఖాళీ చేయించినప్పుడు, అక్కడి స్త్రీల పిల్లల కోసం బడి పెట్టి "ప్రజ్వల" సంస్థను ప్రారంభించింది సునీతా కృష్ణన్ గారు, మోంట్‌ఫోర్ట్ సభకు చెందిన బ్రదర్ జోస్ వెట్టికాట్టిల్ గారు. కాబట్టి మన దగ్గర కూడా ఇటువంటి పని కొత్తది కాదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ అక్రమ రవాణా గురించి. కనీసం 7 సంవత్సరాల జైలు, 18 ఏళ్లలోపు పిల్లలైతే కనీసం 10 సంవత్సరాలు. "ఇష్టపడే వెళ్లింది కదా" అనే మాట అక్కడ చెల్లదు. బాధితురాలు ఒప్పుకున్నా నేరం నేరమే. ఇక గల్ఫ్ విషయం. ఈసీఆర్ ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 సంవత్సరాలు నిండాలి. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలనే నిబంధన ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అటువంటి సంస్థలు. "ఆ గొడవలేవీ లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తాను" అన్నవాడు మీకు సాయం చేయడం లేదు. లెక్కలో లేకుండా తీసుకుపోతున్నాడు.

వార్డులో మీ పక్క మంచం మీద ఉన్న రోగిని కూడా ఒకసారి గమనించండి. ఏది అడిగినా పక్కనున్నవాళ్లే జవాబు చెబుతుంటే, తన ఊరు పేరు చెప్పడానికి కూడా ఆమె వాళ్ల ముఖం వైపు చూస్తుంటే, ఆధార్ కార్డు, ఫోన్ వేరేవాళ్ల దగ్గర ఉంటే, ఎప్పటివో దెబ్బలు, కాల్చిన మచ్చలు ఉంటే అనుమానించవలసిందే. చిన్నపిల్ల పనిమనిషిగా ఉండి ఇంటివాళ్ల పేర్లు చెప్పలేకపోయినా అంతే. వీటిలో ఒక్కటి ఉన్నంతమాత్రాన ఏదో జరిగిందని అనుకోవద్దు, భయస్తులు, సిగ్గరులు ఎందరో ఉంటారు. వెంట వచ్చినవాళ్ల ఎదుట ఆమెను ఏమీ అడగవద్దు. మీరే విడిపించాలని చూడవద్దు, దానివల్ల ఆమెకే ప్రమాదం. డ్యూటీలో ఉన్న నర్సుకు పక్కకు పిలిచి చెప్పండి. పరీక్ష చేయాలని చెప్పి ఆమెను ఒంటరిగా లోపలికి తీసుకువెళ్లడం మాకు తెలుసు. బయట ఎక్కడైనా అయితే మహిళల కోసం 181, పిల్లల కోసం 1098, అత్యవసరంగా పోలీసుల కోసం 112 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

మీ ఇంటి నుంచి ఎవరైనా దూరదేశానికి పనికి వెళుతుంటే పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం జిరాక్సులు, ఏజెంటు ఫోటో, ఫోన్ నంబరు, పని ఇచ్చే ఇంటివారి చిరునామా ఇంట్లో పెట్టుకోండి. కష్టం వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయానికి గాని, కేంద్ర ప్రభుత్వం "మదద్" పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయడానికి ఈ కాగితాలే ఆధారం. ఇంకొకటి, వెళ్లేముందే ఒక గుర్తుమాట అనుకోండి. ఫోన్ మాట్లాడేటప్పుడు పక్కన ఇంటివాళ్లు ఉన్నా చెప్పగలిగే మాట అయి ఉండాలి. "అమ్మమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా" అని ఆమె అడిగిందంటే, ఆపదలో ఉన్నానని మీరు అర్థం చేసుకోవాలి. ఆ మాట ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.